ఇస్త్రీ బండి దాకా రెండు వందల తొంభై అయిదు అడుగులు

మా మేనల్లుడి విమానం ఎన్ని అడుగుల్లో ఆగుతుందో మా అక్కకి చెప్పింది నేనే. ఆవిడ అడగలేదు. ధైర్యం చెబుదామని నా అంతట నేనే చెప్పాను. ఆ పూట నుంచి ఆవిడ అన్నం మానేసింది.

మేనల్లుడు నావికాదళంలో పైలట్. సముద్రం మధ్యలో ఉండే ఓడ మీద నుంచి ఎగిరి, పని చూసుకుని, మళ్ళీ ఆ ఓడ మీదే దిగుతాడు. యుద్ధం మొదలైన రోజు పొద్దున ఫోన్ చేసి, "అమ్మా, కొన్నాళ్ళు ఫోన్ పనిచెయ్యదు, ఓడలో అందరి ఫోన్లూ తీసేసుకుంటారు, కంగారు పడకు" అని పెట్టేశాడు. అక్క నిజంగానే కంగారు పడలేదు. నాలుగు రోజులు పూజ చేసుకుంది, టీవీ చూసింది, పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం రెండుసార్లు అన్నం, రాత్రికి రెండు పుల్కాలు, ఎప్పటిలాగే తింది. అయిదో రోజు నేను వెళ్ళాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో కొలతలు చూస్తాను. ఛాసిస్ వస్తే దాని మీద బాడీకి ఇనప యాంగిల్ ఎంత కావాలి, చెక్క ఎంత కావాలి, బరువు ఏ ఇరుసు మీద ఎంత పడుతుంది, అన్నీ నేనే లెక్క కట్టి చెబుతాను. ఈ లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. టేపు చూసి కొంత, తప్పులు చేసి కొంత నేర్చుకున్నాను. చొక్కా జేబులో పెన్సిలూ, పాత పెళ్ళి శుభలేఖలూ ఉంటాయి. శుభలేఖ వెనక వైపు లెక్కకి చాలా బావుంటుంది, కాగితం మందంగా ఉండి చెమటకి తడవదు. ఎవరైనా "సుమారు ఎంత?" అంటే నాకు చిరాకు. సుమారుగా కడితే లారీ కూడా సుమారుగానే వెళుతుంది.

మేనల్లుడు కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఈ ఓడ మీద దిగే సంగతంతా నేను వాణ్ణి కూర్చోబెట్టి అడిగి, ఒక శుభలేఖ వెనక రాసుకున్నాను. విమానం తోక కింద ఒక కొక్కెం ఉంటుంది. ఓడ మీద అడ్డంగా ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. విమానం గంటకి రెండు వందల నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చి పడుతుంది. ఆ కొక్కెం ఏదో ఒక తీగకి తగులుకోవాలి. తగులుకుంటే తొంభై మీటర్లలో ఆగిపోతుంది. చివర్లో వాడు, "మామయ్యా, ఈ అంకెలు అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు. ఆ మాట కూడా రాసుకున్నాను. ఆ శుభలేఖ పోవడంతో ఆ మాట కూడా పోయింది. అంకెలు మాత్రం గుర్తుండిపోయాయి.

అక్కా వాళ్ళది భవానీపురంలో మూడో అంతస్తు ఫ్లాటు, యాభై నాలుగు మెట్లు. నేను వెళ్ళేసరికి అక్క బాల్కనీలో కూర్చుని గోంగూర ఆకు దూస్తోంది. బావగారు లోపల టీవీ చూస్తున్నారు. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. నా లెక్కల్ని టేపు లెక్కలు అంటారు.

"అక్కా, నువ్వేం భయపడక్కర్లేదు. వాడి విమానం కింద కొక్కెం ఓడ మీద తీగకి తగులుకుని, తొంభై మీటర్లలో ఆగిపోద్ది. అంత గట్టిదన్నమాట ఆ తీగ" అన్నాను.

"తొంభై మీటర్లంటే ఎంత దూరం రా?"

ఇక్కడ నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "రెండు వందల తొంభై అయిదు అడుగులక్కా. అదిగో, ఆ కరెంటు స్తంభాలున్నాయి చూడు, స్తంభానికీ స్తంభానికీ వంద అడుగులు. మీ గేటు ముందు స్తంభం వదిలేసి లెక్కెయ్యి. ఒకటి, రెండు, మూడో స్తంభానికి అయిదడుగులు ఇవతల. సరిగ్గా ఆ ఇస్త్రీ బండి దాకా."

అక్క చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. గేటు వైపు చూసింది, ఇస్త్రీ బండి వైపు చూసింది, మళ్ళీ గేటు వైపు చూసింది.

"మరి ఎంత వేగంతో వస్తాడు రా?"

"రెండు వందల నలభై. ఇక్కణ్ణించి మైలవరం పది నిమిషాల్లోపే వెళ్ళిపోవచ్చు."

"మైలవరం పది నిమిషాల్లో వెళ్ళే వేగంతో వచ్చి, నా కొడుకు ఇస్త్రీ బండి దగ్గర ఆగాలా?"

"ఆగుతాడక్కా. రెండు సెకన్ల ఏడు పదో వంతుల్లో ఆగుతాడు."

లోపల నుంచి బావగారు టీవీ ఆపేసి వచ్చారు. "ఏవయ్యా, నువ్వు ధైర్యం చెప్పడానికి వచ్చావా, దడిపించడానికి వచ్చావా?"

అక్క వినడం లేదు. "మరి ఆ కొక్కెం తగలకపోతే?"

నాకు తెలిసిన విషయం అడిగితే చెప్పకుండా ఉండలేను. "తగలకపోయినా పర్లేదు. అందుకే చక్రాలు ఓడని తాకగానే ఇంజను పూర్తిగా పెంచేస్తారు. తగిలితే తీగ ఆపుద్ది, తగలకపోతే ఆ వేగంతో మళ్ళీ ఎగిరిపోయి చుట్టు తిరిగొస్తారు."

"ఆగాల్సిన చోట యాక్సిలరేటర్ ఇస్తారా?" అంది అక్క. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. గోంగూర పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి పడుకుంది.

మర్నాడు బావగారు ఫోన్ చేశారు. అక్క పొద్దున ఒకటిన్నర ఇడ్లీ తింది. ఆ మర్నాడు అర ఇడ్లీ. అక్కకి షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటుంది. తినకుండా మాత్ర వేసుకుంటే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి, వేసుకోకపోతే పెరిగిపోతుంది. బావగారు వేలు గుచ్చి చూసే మిషన్‌తో పూటపూటకీ చూసి, నాకు ఆ అంకెలు ఫోన్‌లో పంపేవారు. నా మీద కోపంతో పంపుతున్నారని నాకు తెలుసు. కింద ఒక్క మాట కూడా రాసేవారు కాదు. యుద్ధం ఏడో రోజు మధ్యాహ్నం అరవై ఎనిమిది అని వచ్చింది. డాక్టరు డెబ్భైకి తగ్గితే ఊరుకోవద్దన్నాడు. నేను షెడ్డులో పని వదిలేసి పరుగెత్తాను. అప్పటికి బావగారు పంచదార నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు.

"నువ్వే చెప్పావు, ఆవిడ మనసు నువ్వే తిప్పెయ్" అన్నారు గుమ్మంలోనే.

వచ్చేటప్పుడే వీధిలో ఇంకో విచిత్రం చూశాను. ఇస్త్రీ బండి మూడో స్తంభం దగ్గర లేదు. నాలుగో స్తంభం అవతల ఉంది. ఆ ఇస్త్రీ ఆయన నన్ను చూసి, "మీ అక్కగారు జరపమన్నారండీ. ఎందుకమ్మా అంటే, కాస్త దూరంగా ఉంటే మంచిది నాయనా అన్నారు. ఇక్కడ నీడ లేదండీ, ఎన్నాళ్ళు ఉండాలో కనుక్కోండి" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఎక్కడో సముద్రంలో ఉన్న కొడుక్కి ఇంకో వంద అడుగులు కలిసొస్తాయని ఒక తల్లి భవానీపురంలో ఇస్త్రీ బండి జరిపించింది. దానికి నా దగ్గర ఏ లెక్కా లేదు.

అయినా ప్రయత్నించాను. ఎన్ని విమానాలు దిగుతాయి, ఎన్నిసార్లు తీగ తగులుతుంది అని కాగితం మీద చూపించబోయాను. అక్క ఆ కాగితాన్ని మడిచి నా జేబులోనే పెట్టింది. "నీ అంకెలొద్దు రా నాయనా. కళ్ళతో చూస్తే గానీ నాకు అన్నం దిగదు. వేగంగా వచ్చేది తాడు తగిలి ఆగుద్దని ఎవరన్నా చూపించండి."

ఆవిడ మాట వరసకి అంది. నేను అలా తీసుకోలేదు.

ఆటోనగర్‌లో మా పక్క షెడ్డు వెల్డింగు ఆయన నాకు ఇరవై రెండేళ్ళ స్నేహితుడు. నేను కొలత చెబితే అంగుళం తేడా లేకుండా అతికిస్తాడు. ఆదివారం చర్చికి వెళ్ళకుండా మాత్రం ఏ పనీ ముట్టుకోడు. సంగతి చెప్పాను.

"బ్రదర్, అంటే ఓడ కట్టాలా?"

"ఓడ వద్దు. మోపెడ్‌కి కొక్కెం కట్టాలి. అడ్డంగా తాడు కట్టాలి. తాడు రెండు చివర్లా లారీ ట్యూబు పట్టీలు కట్టాలి, సాగడానికి."

"మోపెడ్ ఎవరు తోలతారు?"

"నేనే."

"ఆదివారం ఆరాధన అయిపోయాక పదకొండింటికి వస్తా. ముందు ప్రార్థన చేద్దాం. అది లేకుండా నేను ఒప్పుకోను."

మూడు రోజులు లెక్క కట్టాను. విమానం ఆగడానికి పట్టే సమయం రెండు సెకన్ల ఏడు పదో వంతులు కదా, మోపెడ్ కూడా అంత సమయంలోనే ఆగాలి. అప్పుడే అక్కకి సరిగ్గా తెలుస్తుంది. ఇరవై కిలోమీటర్ల వేగంతో వస్తే ఏడున్నర మీటర్లలో, అంటే ఇరవై నాలుగడుగుల ఏడంగుళాల్లో ఆగాలి. ట్యూబుని అంగుళంన్నర వెడల్పు పట్టీలుగా కోసి, ఇసుక బస్తా వేలాడదీసి, ఎంత బరువుకి ఎంత సాగుతుందో కొలిచాను. బండి బరువు, నా బరువు కలిపి నూట యాభై రెండు కిలోలు. ఒక్కో పక్కకి నాలుగు పట్టీలు చాలు. తాడు తెగినా కొక్కెం ఊడినా ముందుకు దూకి పడటానికి మెత్తగా ఉండాలని, అక్కడ రంపపు పొట్టు కుప్ప పోయించాను. నడుము ఎత్తు కుప్ప. దానికి కూడా లెక్క ఉంది కానీ ఇక్కడ అక్కర్లేదు.

బావగారు కాగితం చూసి ఒక్కటే అడిగారు. "రబ్బరు సాగుద్ది, బానే ఉంది. సాగిన రబ్బరు ఊరుకుంటుందా? వెనక్కి లాగదూ?"

"బ్రేకు ఉంది కదండీ."

"టేపు లెక్కలు" అన్నారాయన.

పదకొండో రోజు ఆదివారం. షెడ్లన్నీ మూసి ఉన్నాయి. సగం కట్టిన లారీలు రెండు ఎదురుబొదురుగా ఉంటే, వాటి ఛాసిస్‌లకి ట్యూబులు కట్టి, మధ్యలో తాడు నేల మీద అడ్డంగా పరిచాను. అక్కని, బావగారిని ఆటోలో తీసుకొచ్చాను. అక్క రానంది. "నువ్వే కదా కళ్ళతో చూస్తానన్నావు" అంటే చెప్పులేసుకుంది. పొద్దున కాఫీ మాత్రమే తాగిందని బావగారు నాకు సైగ చేశారు.

వెల్డింగు ఆయన చర్చి నుంచి తెల్ల చొక్కాతో, మూడు గిన్నెల క్యారేజీతో వచ్చాడు. కొక్కెం ముందు రోజే బండి వెనక బిగించేశాడు. కళ్ళు మూసుకుని, "ఎగిరేవాళ్ళని, తేలేవాళ్ళని, ఈ బండి తోలేవాళ్ళని కాపాడు తండ్రీ" అని ప్రార్థించాడు. అక్క అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది. అని, చాలదనుకుందేమో, గోవిందా అని కూడా అంది.

బావగారికి ఆకుపచ్చ తువ్వాలు ఇచ్చి, తాడుకి ఇవతల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశాను. ఓడ మీద కూడా ఒకాయన నిలబడి దిగే విమానానికి దారి చెబుతాడట. "నేను కూర్చునే చెబుతా" అన్నారు బావగారు.

మొదటిసారి నేను ఒక్కణ్ణే వచ్చాను. ఇరవై కిలోమీటర్లు. వెనక కొక్కెం సిమెంటు మీద రాసుకుని నిప్పులు రాలుతున్నాయి. తాడు దాటగానే, మేనల్లుడు చెప్పినట్టు, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. ఏమీ తగల్లేదు. తాడు నేలకి అతుక్కుని ఉండడంతో కొక్కెం దాని మీదుగా జారిపోయింది. నేను పూర్తి వేగంతో పొట్టు కుప్పని తప్పించుకుని, షెడ్డు పక్క నుంచి మెయిన్ రోడ్డు మీదకి వెళ్ళి, టైర్ల కొట్టు చుట్టూ తిరిగి, నాలుగు నిమిషాల తర్వాత వెనక నుంచి వచ్చాను.

"ఎక్కడికి పోయావు రా?" అంది అక్క. ఆరు రోజుల్లో ఆవిడ నన్ను తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

"కొక్కెం తగల్లేదక్కా. చుట్టు తిరిగొచ్చా. ఓడ మీద కూడా ఇంతే."

"ఇంతేనా? ఇలా వెళ్ళి అలా వచ్చేస్తారా?"

"ఇంతే."

అక్క తాడు దగ్గరికి వచ్చి వంగి చూసింది. "తాడు ఇలా నేలకి కరుచుకుని ఉంటే ఎట్టా అందుద్ది రా? కింద ఏదన్నా పెట్టి కాస్త పైకి లేపండి. దండెం సాగిపోతే కర్ర పెట్టమూ?"

నేను, బావగారు, వెల్డింగు ఆయన ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఓడ మీద తీగ కింద కూడా అది కాస్త లేచి ఉండేలా వంపు రేకులు ఉంటాయని మేనల్లుడు చెప్పాడు. నేను రాసుకున్నాను కూడా. మూడు రోజుల లెక్కలో అదొక్కటే వదిలేశాను. పాత టైరు ముక్కలు కోసి తాడు కింద పెట్టాం, రెండంగుళాల ఎత్తు.

రెండోసారి తగిలింది. పొట్టలో ఎవరో చెయ్యి పెట్టి లాగినట్టయింది. యాక్సిలరేటర్ వదిలి, బ్రేకులు పట్టుకుని, బండి మీదే కూర్చున్నాను. వెల్డింగు ఆయన టేపుతో కొలిచి, "ఇరవై మూడడుగుల పది!" అని అరిచాడు. తొమ్మిదంగుళాలు తక్కువ. ట్యూబు ఎండకి కాస్త బిగిసిందన్నమాట. నాకు గర్వంగా ఉంది. బావగారు మాత్రం వేలు చూపించి, "బండి వెనక్కి జరగబోయింది చూశావా? రబ్బరు లాగుతోంది" అన్నారు. నేను బ్రేకులు చూపించాను.

అప్పుడు అక్క చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని వచ్చింది.

"నేనూ ఎక్కుతా."

"నువ్వెందుకక్కా? చూశావు కదా."

"చూస్తే నీకు ఆగింది. వాడికి ఎట్టా ఉంటదో నాకు తెలియాలిగా. ఎక్కుతా."

నేను పెన్సిల్ తీశాను. లెక్క మారుతుంది. "సరే, అయితే నీ బరువు చెప్పు."

"యాభై ఎనిమిది."

"ఏ సంవత్సరంలో?" అన్నారు బావగారు.

అక్క ఆయన్ని చూసిన చూపుకి ఆయన తువ్వాలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టారు. నేను అక్క వంక చూడకుండా ఎనభై అని రాసుకుని, ఒక్కో పక్కకి రెండు పట్టీలు ఎక్కువ కట్టాను. ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా ఉన్నానని చెప్పాలి. బరువు లెక్క తప్పలేదు. పట్టీల లెక్క తప్పలేదు. ముందు పొట్టు కుప్ప సిద్ధంగా ఉంది. రెండు పట్టీలు ఎక్కువైతే వెనక్కి లాగే బలం కూడా ఎక్కువవుతుందన్న సంగతి మాత్రం నేను రాసుకోలేదు.

అక్క ఎప్పటిలాగే ఒక పక్కకి తిరిగి కూర్చుంది, ఒక చెయ్యి నా భుజం మీద వేసి. బావగారు తువ్వాలు ఊపారు. బయలుదేరాం. మేం తనని దాటగానే, తిన్నగా చూద్దామని బావగారు కుర్చీ లాక్కుని సరిగ్గా మా వెనక, దారి మధ్యలో వేసుకుని కూర్చున్నారు. ముందు వైపే ప్రమాదమని నేనే ఆయనకి చెప్పాను.

"ఇప్పుడు యాక్సిలరేటర్ ఇస్తున్నానక్కా!"

"ఇవ్వు!"

కొక్కెం తగిలింది. అక్క "నాయనోయ్" అని రెండు చేతులతో నన్ను వెనక నుంచి చుట్టేసింది. నా రెండు మోచేతులూ నా డొక్కలకి అతుక్కుపోయాయి, యాక్సిలరేటర్ మీద పట్టు జారిపోయింది. బండి ఆగింది. అందంగా ఆగింది. నేను బ్రేకు పట్టుకోవాలి. పట్టుకోవడానికి చేతులు కదలాలి. అక్క వదలదు.

బండి వెనక్కి బయలుదేరింది.

నేను చాలా బళ్ళు చూశాను కానీ, ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని వెనక్కి పరుగెత్తే మోపెడ్‌ని చూడలేదు. "వదలక్కా! చెయ్యి వదులు!" అని నేను, "ఇది కూడా ఓడ మీద ఉంటుందా?" అని అక్క, "చెప్పానా! చెప్పానా!" అని బావగారు. ఆయన ఆ రెండో "చెప్పానా" గాల్లో అన్నారు. అరవై ఆరేళ్ళ మనిషి కూర్చున్న చోటు నుంచి పక్కకి దూకారు. నాలుగడుగుల మూడంగుళాలు. తర్వాత కొలిచాను. మేం ఆయన కుర్చీ ఎక్కాం. కుర్చీ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకీ పోయాయి. బండి అక్క కాళ్ళు లేని వైపుకి ఒరిగింది, నా మోచెయ్యి దోక్కుపోయింది. అక్క పక్కకి తిరిగి కూర్చుంది కాబట్టి, బస్సు దిగినట్టు దిగి నిలబడింది.

ముగ్గురు మగవాళ్ళం ఆవిడ ఏమంటుందోనని చూస్తున్నాం. నేను మనసులో అప్పటికే ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లో చూసుకుంటున్నాను.

"వాడిది ఇట్టా వెనక్కి రాదు కదా?" అంది.

"రాదక్కా. వాడి తీగ కింద నూనె ఒత్తిడితో పనిచేసే యంత్రాలుంటాయి. ఆపుతాయి, లాగవు. ఈ వెనక్కి రావడం మనకి మాత్రమే."

అక్క విరిగిన కుర్చీ వంక చూసింది, సిమెంటు మీద కూర్చుని మోకాలు దులుపుకుంటున్న బావగారిని చూసింది, తెల్ల చొక్కా మీద గ్రీజుతో నిలబడ్డ వెల్డింగు ఆయన్ని చూసింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు వచ్చింది. లారీ టైరు పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి అందనంత నవ్వింది.

"ముగ్గురు పిచ్చోళ్ళు చిరిగిపోయిన ట్యూబులు కట్టి ఆపితేనే ఆగానురా నేను! వాడికి అంత పెద్ద ఓడ, చదువుకున్నోళ్ళు అంతమంది ఉన్నారు. వాడెందుకు ఆగడు?"

నేను ఆరు రోజులుగా ఏ అంకెతో చెప్పలేకపోయానో అది ఇదే. దీంట్లో అంకె లేదు. అందుకే నాకు తట్టలేదనుకుంటాను.

"చిరిగిపోలేదమ్మా, కొత్త ట్యూబులే" అన్నాడు వెల్డింగు ఆయన, కొంచెం నొచ్చుకుని.

"ఆ క్యారేజీలో ఏవుంది అన్నయ్యగారూ?"

"కోడి పలావండీ. కింద గిన్నెలో కూర. మా ఆవిడ ఆదివారం చేస్తది."

"ఆకలేస్తోంది" అంది అక్క.

సగం కట్టిన లారీ బాడీ చెక్క మీద కూర్చుని, ఆ పలావు, ఆ కూర, రెండు గిన్నెలూ ఖాళీ చేసింది. మధ్యలో ఒకసారి ఆగి, "మీరు తినలేదు కదా అన్నయ్యగారూ?" అని అడిగింది. "పర్లేదండీ, పెరుగన్నం ఉందిగా" అన్నాడాయన, మూడో గిన్నె తన దగ్గరికి జరుపుకుంటూ. బావగారు నా చెవి దగ్గరికి వచ్చి, "నీ ట్యూబుల వెనక్కి లాగే శక్తిని నేను లెక్కగట్టి చూపిస్తా, ఇంటికి రా" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఇంటికి రమ్మని ఆయన నన్ను పిలవడం ఆరు రోజుల్లో అదే మొదలు.

సోమవారం అక్క మూడు ఇడ్లీలు తింది. మంగళవారం నాలుగు. మంగళవారం సాయంత్రం ఇస్త్రీ ఆయన మళ్ళీ మూడో స్తంభం దగ్గరి నీడలోకి వచ్చాడు. ఈసారి ఎవరూ జరపమనలేదు.

గురువారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. బావగారి లెక్క చూడటానికి వెళ్ళాను. ఆయన తొమ్మిది కాగితాలు రాశారు. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. పప్పు వడ్డించగానే అక్క ఫోన్ మోగింది. కాల్పులు ఆగి రెండు రోజులైంది. ఓడ ఏదో రేవుకి చేరిందట. అక్క ఎంగిలి చేత్తోనే ఎత్తి స్పీకరు పెట్టింది.

"అమ్మా, నేను. బావున్నాను" అన్నాడు మేనల్లుడు.

అక్క ఫోన్ మీదకి వంగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భుజంతో తుడుచుకుంది. ఆ తర్వాత, నేను పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోదామనుకుంటుండగానే, అడిగేసింది.

"కొక్కెం ఎన్నిసార్లు తప్పింది రా?"

"కొక్కెం గురించి నీకెవరు చెప్పారు?"

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. వానలో."

"మాక్కూడా ఒకసారి తప్పింది. ఏం పర్లేదు. మీ మామయ్య టైర్ల కొట్టు చుట్టూ తిరిగొచ్చాడు."

"మాక్కూడా అంటే? ఏ టైర్ల కొట్టు? అమ్మా, మామయ్య ఉన్నాడా అక్కడ? ఒకసారి ఇవ్వు."

"మామయ్య అన్నం తింటున్నాడు. నువ్వు తిన్నావా?"

"ఇప్పుడే. సాంబారు. నువ్వో?"

"ఇదిగో, తింటూనే ఉన్నా" అంది. నిజంగానే తింటోంది. పప్పన్నం, మీద నెయ్యి, పక్కన వడియాలు. వాడు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ ఇరవై నిమిషాలూ అక్క ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో కలుపుకుంటూనే ఉంది. పప్పు అయ్యాక వంకాయ కూర, కూర అయ్యాక చారు, చారు అయ్యాక, నేనూ బావగారూ చూస్తుండగానే, మామిడిపండు రసం పిండుకుని ఇంకో గరిటెడు అన్నం. ఫోన్ పెట్టేశాక కూడా చెయ్యి కడుక్కోకుండా, వాడు వానలో ఎట్టా దిగాడో, ఎట్టా చుట్టు తిరిగొచ్చాడో, మాకేదో తెలియనట్టు మొదటి నుంచి చెప్పింది.

రెండు గంటల తర్వాత బావగారు అలవాటు ప్రకారం మిషన్ తెచ్చి అక్క వేలు గుచ్చారు. అంకె చూసి, నాకు చూపించారు. రెండు వందల అరవై ఒకటి.

"ఎంతుంది?" అంది అక్క.

బావగారు నా వంక చూశారు. నేను శుభలేఖ తీసి వెనక రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాను.

"బానే ఉందక్కా" అన్నాను. "సుమారుగా."